కొడవలికి నాలుగు ముఖాల పాచిక

కొడవలూరు దగ్గరి రైసుమిల్లులో హెన్రీ చేసే ఉద్యోగం ఏమిటంటే, రైతు తెచ్చిన ధాన్యాన్ని ఈసడించుకోవడం. మిల్లు లెక్కలో దాన్ని క్వాలిటీ చూడడం అంటారు, అది వేరే సంగతి. లోడు వచ్చి ఆగగానే బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి, రాలిన వడ్లను అరచేతిలో పోసుకుని, ఒక గింజ తీసి పంటికింద కొరుకుతాడు. టక్కున విరిగితే ఎండినట్టు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. తేమ మిషను తీరిగ్గా అంకె చూపించే లోపలే హెన్రీ పన్ను తీర్పు చెప్పేస్తుంది. ఇరవై మూడేళ్ళలో ఆ పన్ను తప్పింది లేదు. అక్కడితో ఊరుకుంటే పనిమంతుడని నలుగురూ మెచ్చుకునేవాళ్ళే. ఊరుకుంటేగా! "ఇవి వడ్లా, తాలా? కోళ్ళు కూడా మూతి తిప్పుకుంటాయబ్బా" అని చేతిలో గింజల్ని రైతు కాళ్ళ ముందు పారబోస్తాడు. ఎండలో నాలుగు గంటలు లైనులో నిలబడి వచ్చిన రైతు పళ్ళు కొరుక్కుని ఊరుకుంటాడు.

నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఈ లోకంలో అతని కంటికి ఆనింది ఒక్కటీ లేదు. పాస్టరుగారి ప్రసంగం సాగదీసిన జీడిపాకం. పక్కింటివాళ్ళ బిర్యానీ పసుపేసిన అన్నం. భార్య ఫ్లోరా చేపల పులుసు పెడితే మూడుసార్లు వడ్డించుకుని, చెయ్యి నాకుతూ, "మామిడికాయ సరైంది పడలా" అంటాడు. ఫ్లోరా పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. హెన్రీకి ఏ ఊరూ మంచిది కాలేదు.

ఇలాంటి మనిషికి ఒక ఆట దొరికింది. పద్దెనిమిదేళ్ళ కిందట తండ్రి కంటి ఆపరేషనుకని మద్రాసు వెళ్ళినప్పుడు పాత పుస్తకాల కొట్లో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, దాంతోపాటు ఒక గుడ్డసంచిలో రకరకాల పాచికలు కొనుక్కొచ్చాడు. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలంటే ఆట ఇది. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక మనిషిని కాగితం మీద కట్టుకుంటారు. వాడి బలమెంత, బుద్ధెంత, ఏ విద్య వచ్చు, చేతిలో ఏ ఆయుధం, అన్నీ రాసుకుంటారు. ఇక వాళ్ళందరూ కలిసి అడవులూ కోటలూ పట్టి తిరుగుతుంటే, దెబ్బ తగిలిందా లేదా, తగిలితే ఎంత అన్నది పాచిక తేలుస్తుంది. నాలుగు ముఖాల పాచిక నుంచి ఇరవై ముఖాల పాచిక దాకా ఉంటాయి. పుస్తకం చదివింది హెన్రీ ఒక్కడే కాబట్టి మొదటిరోజు నుంచీ కథ నడిపేది హెన్రీయే.

ఆడేది నెల్లూరులో, వాళ్ళ చర్చి వెనకున్న సండేస్కూలు గదిలో, ఆదివారం ఆరాధన అయ్యి భోజనాలు చేశాక. గది తాళం ఇచ్చిన రోజే సండేస్కూలు పెద్దమ్మ రెబెక్కమ్మ గారు హద్దు గీశారు: దేవుని ఆవరణలో మంత్రం అన్న మాట వినపడకూడదు. అందుకని ఆ బల్ల దగ్గర మంత్రాన్ని 'శక్తి' అంటారు. ముందు అందరూ కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుంటారు, తిరుపతి మొక్కులున్న చంద్రమౌళితో సహా. ఆమెన్ అన్నాక రాక్షసుల తలకాయలు నరకడం మొదలుపెడతారు.

మిల్లులో హెన్రీ జీతగాడు. ఇంట్లో, ఫ్లోరా సగం చెవితో వినే మొగుడు. ఆ గదిలో మాత్రం అతను వాన కురిసిందంటే కురిసినట్టే, వంతెన కూలిందంటే కూలినట్టే. ఆ అధికారంతో ఏం చేశాడయ్యా అంటే, వడ్లను చేసిందే మనుషుల్ని చేశాడు. బడిలో సైన్సు ల్యాబు చూసే చంద్రమౌళి ఐదడుగుల రెండంగుళాల మనిషి, ముచ్చటపడి ఆరడుగుల కత్తి ఎంచుకున్నాడు. "ఆ కత్తిని నువ్వు మోస్తావా, నిన్ను అది మోస్తాదా?" అన్నాడు హెన్రీ. సెల్‌ఫోను రిపేర్లు చేసే ప్రవీణ్ రెండు చేతులకూ రెండు కత్తులు రాసుకుంటే, "అన్నం కూడా రెండు చేతుల్తో తింటావా?" అన్నాడు. స్కూలు వ్యాను నడిపే ఫ్రెడ్డీ గండ్రగొడ్డలి పట్టినందుకు ఆ గొడ్డలిని వరసగా మూడు ఆదివారాలు తలుపుచెక్కలో ఇరికించి పెట్టాడు. "వ్యానులో గేరు పడనోడికి గొడ్డలి ఊడొస్తాదా?" అన్నాడు. నాలుగో ఆదివారం ఫ్రెడ్డీ రాలేదు. ఫోను చేస్తే, "మా మేనేజరు వారమంతా తిడతాడన్నా, ఆదివారం కూడా ఎందుకు తిట్టించుకునేది?" అని పెట్టేశాడు.

ఫ్రెడ్డీ పోయాక ముగ్గురే మిగిలారు. రెబెక్కమ్మ గారి కళ్ళు అసలే చురుకు.

"నాయనా హెన్రీ, ఇంత గది మీ ముగ్గురికా? ఆడబిడ్డలు కుట్టు నేర్చుకుంటామని నా ప్రాణం తీస్తుండారు. నలుగురుంటే ఆడుకోండి, కాదన్ను. నెలాఖరు ఆదివారం నాలుక్కి వచ్చి చూస్తా. నలుగురు లేకపోతే తాళం నా చేతిలో పెట్టెయ్" అన్నారావిడ.

మిల్లు పోయినా హెన్రీ ఇంకో మిల్లు చూసుకుంటాడు. ఆ గది పోతే అతని మాట చెల్లే చోటు భూమ్మీద ఇంకొకటి లేదు. ఈ సంగతి అతనికి బాగా తెలుసు. తెలిసే, నాలుగో మనిషిని ప్రవీణ్ వెతికి తెస్తానన్నప్పుడు ఇంటికొచ్చి ఫ్లోరా ముందు ఒట్టు పెట్టుకున్నాడు, ఈసారి నోరు కట్టేసుకుంటానని.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మనకు పుడకలు కూడా లేవు, సమాధే. ఇంక నీ బుద్ధి పోయేదెట్టా?" అంది ఫ్లోరా, వెల్లుల్లి ఒలుస్తూ.

ప్రవీణ్ తెచ్చిన నాలుగో మనిషి పేరు అబిగయీలు. ఇరవై ఏడేళ్ళుంటాయి. బోగోలు పిల్ల, నెల్లూరులో రక్తపరీక్షల ల్యాబులో పని. స్కూటీ దిగి, "వందనాలన్నా" అని కూర్చుని, కాగితం ముందుకు లాక్కుంది. ఆట ఫోన్లో చూసి నేర్చుకుందట. ఫోన్లో చూసి ఈత నేర్చుకున్నట్టే అనుకున్నాడు హెన్రీ. అనుకున్నాడే గానీ అనలేదు.

"ఏం కడతావమ్మా?" అన్నాడు, నోట్లో వెన్న పెట్టుకున్నంత మెత్తగా.

"ఫైటర్ మూడు లెవెళ్ళు, డ్రూయిడ్ రెండన్నా."

లెవెలంటే విద్యలో ఒక మెట్టు. ఫైటర్ అంటే కత్తిసాము మనిషి. డ్రూయిడ్ అంటే అడవిని నమ్ముకున్నవాడు. పిలిస్తే తీగలు పాకి వస్తాయి, జంతువులు మాట వింటాయి, కానీ ఇనుప కవచం ఒంటికి తగలకూడదు. ఫైటర్ బతికేదే ఆ ఇనుములో. రెండూ ఒకే ఒంట్లో కుక్కితే ఎటూ ముదరని సరుకవుతుందని హెన్రీ సిద్ధాంతం.

"ఎందుకట్టా?" అన్నాడు.

"ముందు దెబ్బకు ఓర్చుకోవాల గదన్నా, దానికి ఫైటర్. తీగల్ని పిలిచేది రావాల, దానికి డ్రూయిడ్. రెండు లెవెళ్ళు చాలు. కవచం బదులు తోలు చొక్కా."

పాలూ కాదు పెరుగూ కాదు అన్నమాట నాలుక చివరికొచ్చింది. బల్లకింద ప్రవీణ్ అతని కాలు తొక్కాడు. హెన్రీ మాటని మింగి, మంచినీళ్ళు తాగాడు.

"డాలు?"

"వద్దన్నా."

"ఆయుధం?"

"కొడవలి."

హెన్రీ ముక్కుపుటాలు ఎగిరాయి. "డ్రూయిడ్‌కి పుస్తకంలో బల్లెం ఉండాది, వంకరకత్తి ఉండాది. వాటికి పెద్ద పాచికలు, పెద్ద దెబ్బ. కొడవలికి నాలుగు ముఖాల పాచికమ్మా, అన్నింటికన్నా చిన్నది. పోనీ ఎడమచేతికి చెక్క డాలన్నా తీసుకో. ఆ చెయ్యి ఊరకే యాలాడేసుకుని ఏం జేస్తావు?"

"నాలుగైనా చాలన్నా. ఆ చెయ్యి ఖాళీగా ఉండాల నాకు."

ఎందుకని అతను అడగలేదు. అడిగితే ఒకరి దగ్గర నేర్చుకున్నట్టవుతుంది. "నీ ఇష్టం" అన్నాడు. ఆ రెండు మాటలు అనడానికి అతను పడిన అవస్థ చూసి చంద్రమౌళి తల వంచుకుని నవ్వుకున్నాడు.

రెండు ఆదివారాలు గడిచాయి. హెన్రీ నోరు కట్టుకున్నాడు, అబిగయీలు ఆడింది, బల్ల దగ్గర నలుగురున్నారు. మూడోది నెలాఖరు ఆదివారం. నాలుగింటికి రెబెక్కమ్మ గారు వస్తారు. ఆ గంట కాస్తా నోరు మూసుకుంటే గది అతనిదే.

ఆరోజు కథలో ఉప్పుమడి దాటుతుంటే బురదలోంచి ఒక రాక్షసుడు లేచాడు. హెన్రీ ఆ రాక్షసుణ్ణి మూడు వారాలుగా పాత క్యాలెండరు వెనక రాసుకుని, బొమ్మ వేసుకుని, ప్రాణం పోసినట్టు తయారుచేసుకున్నాడు. కనీసం రెండు గంటలైనా వీళ్ళను ఏడిపించాలని అతని ముచ్చట. చంద్రమౌళి ఆరడుగుల కత్తి జారింది. ప్రవీణ్ రెండు కత్తులూ చర్మం మీద గీతలు పెట్టాయి. అప్పుడు అబిగయీలు వంతు వచ్చింది.

ముందు తీగల్ని పిలిచింది. ఇరవై ముఖాల పాచిక పదిహేడు పడింది. తీగలు లేచి రాక్షసుడి కాళ్ళూ నడుమూ చుట్టేశాయి. తర్వాతి వంతులో, "ఎడమచేత్తో వాడి జుట్టు గుప్పిట్లో పట్టుకుంటుండా అన్నా. పట్టుకుని, మెడకాయకి కొడవలి తగిలించి లాగుతుండా. కదల్లేడు గాబట్టి నా ఫైటర్ బలం అంతా కలుస్తాది, పుస్తకంలో ఉండాది గదా" అంది.

ఉంది. పుస్తకంలో అలాగే ఉంది. కదల్లేనివాడి మీద ఫైటర్ దెబ్బ ఎంతో హెన్రీకి నోటికి వచ్చు. లెక్క ఒక్క క్షణంలో తేలింది, పాచిక ఎంత పడినా రాక్షసుడు చచ్చినట్టే. మూడు వారాల ముచ్చట, నాలుగు ముఖాల పాచికతో, గడ్డి కోసే కొడవలితో! అతనికి ఒళ్ళు మండిపోయింది.

"కొడవలి ఊపినావు. గాల్లో తిరిగింది. తూలి బురదలో పడినావు" అనేశాడు, పాచిక వెయ్యనివ్వకుండానే.

"ఊపలేదన్నా, లాగినా."

"లాగేదేందమ్మా కొడవల్ని? కత్తి మాదిరి ఊపితేనే గదా తెగేది?"

ఆ మాటకు చంద్రమౌళి ఫక్కున నవ్వేశాడు. వాళ్ళది చేనున్న ఇల్లు. ప్రవీణ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. పద్దెనిమిదేళ్ళలో ఆ బల్ల దగ్గర హెన్రీ మొహం మీదే నవ్వడం అదే మొదలు. కట్టేసిన నోరు తెంచుకుంది.

"బర్రెలకు గడ్డి కోసుకునేదానికి యుద్ధం గురించి ఏం తెలుస్తాది? బోగోల్లో ఆ పనే చేసుకోకుండా ఈడికెందుకొచ్చినావు?" అని అరిచాడు.

అబిగయీలు ఏడవలేదు. లేచి మూలనున్న చీపురు తెచ్చింది. బల్లమీదున్న చెక్కస్కేలు కుడిచేత్తో తీసుకుంది. ఎడమ గుప్పిట్లో చీపురు పుల్లల్ని పట్టి, స్కేలు వాటి వెనగ్గా పోనిచ్చి, తన వైపుకి ఒక్క లాగు లాగింది.

"ముందు పట్టుకోవాల అన్నా. పట్టుకోకుండా కొడవలి కొయ్యదు. అందుకే డాలొద్దంటిని. ఊపితే తెగేది పైరు గాదు, మన మోకాలు." ఎడమచేతి చిటికెనవేలి మీద పాత గాటు ఉంటే అది కూడా చూపించింది. "ఇరవై మూడేళ్ళుగా వడ్లు కొరుకుతుండారంట గదా మీరు. ఒక్కనాడన్నా కొడవలి పట్టలేదా?"

వెటకారంగా అడిగుంటే హెన్రీ తిప్పికొట్టేవాడు. ఆ పిల్ల నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. ఆ గదిలో గోడకున్న గడియారం మూడున్నర చూపిస్తోంది. అప్పటికీ మించిపోయింది లేదు. సరే, పాచిక వెయ్యమ్మా అంటే సరిపోయేది. రాక్షసుడు పోయేవాడు, గది ఉండేది. హెన్రీ నోటికి అది రాలేదు.

"ఈడ నేను చెప్పిందే చెల్లుద్ది" అన్నాడు.

అబిగయీలు తన కాగితం నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. "ప్రార్థన చేసి మొదలుపెట్టినాం గదన్నా, కొట్లాటతో ముగించగూడదు. పోయొస్తా" అని చెప్పులేసుకుంది. వెనకే ప్రవీణ్ లేచాడు. చంద్రమౌళి మాత్రం గుమ్మంలో ఆగాడు.

"హెన్రీ, పద్దెనిమిదేళ్ళు మా కత్తుల్నీ గొడ్డళ్ళనీ ఎక్కిరిచ్చినావు. నువ్వొక్క మనిషిని కట్టినావా? ఒక్క ఆయుధం ఎంచుకున్నావా?"

కట్టలేదు. కథ నడిపేవాడికి ఆ అవసరం రాదు. లోకంలో ఉన్న రాక్షసులంతా అతనివాళ్ళే, కానీ తనదంటూ ఒక్క మనిషి లేడు. ఈ మాట చెప్పేలోపు చంద్రమౌళి మెట్లు దిగిపోయాడు.

నాలుగింటికి రెబెక్కమ్మ గారు వచ్చారు. నాలుగు కుర్చీలు, ఒక మనిషి, బల్లమీద చీపురు. ఆవిడ కారణం అడగలేదు, చెయ్యి మాత్రం చాపారు. హెన్రీ తాళం ఆ చేతిలో పెట్టాడు. వారం తిరిగేసరికి ఆ గదిలో ఐదు కుట్టుమిషన్లు వెలిశాయి.

ఆ తర్వాత మూడు ఆదివారాలు హెన్రీ మంచంమీద పడుకుని అందర్నీ తిట్టాడు. చంద్రమౌళి విశ్వాసం లేనివాడు, ప్రవీణ్ వెన్నెముక లేనివాడు, ఆ పిల్ల సరేసరి. మిల్లులో రైతులకు ఆ మూడు వారాలూ నరకం చూపించాడు. ప్రవీణ్ కొట్టు మేడమీద ఆట మళ్ళీ మొదలైందనీ, అబిగయీలే నడుపుతోందనీ విని, "ఆడలేనోళ్ళందరూ ఒక చోట చేరినారు" అన్నాడు.

"ఫ్రెడ్డీ కూడా పోతుండాడంట" అంది ఫ్లోరా, బట్టలు మడతపెడుతూ.

ఫ్రెడ్డీ ఆట మీద విసుగుపుట్టి మానుకున్నాడని తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు హెన్రీ ఇన్నాళ్ళూ. వాడు మానుకుంది ఆటని కాదని ఇప్పుడు దాచుకోవడానికి వీల్లేకుండా తెలిసింది.

నాలుగో ఆదివారం బండి తీశాడు. వాళ్ళ ఆట ఎంత దరిద్రంగా ఉందో చూసి రావడానికే వెళుతున్నానని ఫ్లోరాకి చెప్పాడు. ఆవిడ సరేనంది. ప్రవీణ్ కొట్టు పక్కనున్న ఇరుకు మెట్లెక్కి చూస్తే, రేకుల గది, పగిలిన ఫోన్ల అట్టపెట్టెలు, తిరగనా వద్దా అన్నట్టున్న ఒక ఫ్యాను. బల్లకి బదులు పాత తలుపు. ఆ పిల్ల దగ్గర పుస్తకానికి బదులు అట్ట కూడా లేని జెరాక్సు కాగితాలు. అబ్బో, ఏం వైభవం అనుకున్నాడు. ఫ్రెడ్డీ మాత్రం అతన్ని గమనించనే లేదు. గండ్రగొడ్డలితో ఏదో కోట తలుపు బద్దలుకొట్టి, కుర్చీలోంచి లేచి కేకలు పెడుతున్నాడు. తన బల్ల దగ్గర ఫ్రెడ్డీ అలా లేచిన రోజు హెన్రీకి ఒక్కటీ గుర్తురాలేదు.

"రాండన్నా, కూచోండి" అంది అబిగయీలు. ఎందుకొచ్చారని అడగలేదు. ఒక ఖాళీ కాగితం, పెన్సిలు అతని ముందుకు జరిపింది. "మనిషిని కట్టుకోండి. మేము ఆగుతాం."

హెన్రీ పెన్సిలు పట్టుకున్నాడు. పేరు దగ్గర ఏసుమణి అని తాత పేరు రాశాడు. విద్య దగ్గర ఫైటర్ అని రాసి, కాసేపు కాగితం వంక చూసి, పక్కన డ్రూయిడ్ అని కలిపాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆయుధం దగ్గర పెన్సిలు ఆగిపోయింది.

పుస్తకంలో ముప్ఫై ఏడు ఆయుధాలున్నాయి. దేని బరువెంతో, ఏ పాచికో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పెద్ద కత్తి అనుకుంటే పెద్ద కత్తి గురించి తను అన్న మాట చెవిలో పడింది. జంట కత్తులు అనుకున్నాడు, గొడ్డలి అనుకున్నాడు, బల్లెం అనుకున్నాడు. తను తిట్టని ఆయుధం ఒక్కటి దొరకలేదు. ఇక కొడవలి అని రాసే మొహం ఎటూ లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నలుగురూ ఆగారు, తొందరపెట్టలేదు.

"కర్ర" అన్నాడు చివరికి. అని, చప్పున తలెత్తి వరసగా నలుగురి మొహాలూ చూశాడు, ముందు ఎవరు నవ్వుతారోనని.

ఎవరూ నవ్వలేదు. అబిగయీలు కర్ర అని రాసుకుంది. చంద్రమౌళి కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుని చోటిచ్చాడు. ఫ్రెడ్డీ పాచికలు అతని వైపు తోసి, "కర్ర మంచిదన్నా, ఎయ్" అన్నాడు. హెన్రీ పాచిక చేతిలోకి తీసుకున్నాడు గానీ, ఫ్రెడ్డీ మొహంలోకి చూడలేకపోయాడు.